పాచికలంటే శకుని ఒక్కడేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం చూశాను. వేసవి సెలవుల్లో వాళ్ళ అపార్ట్‌మెంట్ మెట్ల మీద పిల్లలు గుంపుగా చేరి, రంగురంగుల పాచికలు దొర్లిస్తూ గంటల తరబడి ఏదో ఆట ఆడారట. ఇది జూదానికి అక్షరాభ్యాసం అన్నారాయన. ధర్మరాజంతటి వాడే పాచికల దగ్గర రాజ్యాన్నీ తమ్ముళ్ళనీ ఆలినీ పోగొట్టుకున్నాడు, మన పిల్లలెంత, పెద్దలు కళ్ళు తెరవాలి అని ముగించారు. ఆయన బెంగ నాకు అర్థమైంది. ఫోన్‌లో రమ్మీ ఆడి బైకు తాకట్టు పెట్టిన కుర్రాణ్ణి మా వీధిలోనే చూశాను. అయితే ఆయన మెట్ల మీద చూసిన ఆట ఏమిటో నాకు తెలుసు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆట. రెండు వేసవులుగా మా ఇంట్లో అదే ఆట, ఆడించేది నేనే. అందుకే ఈ జవాబు. కాస్త పొడుగైంది, కత్తెర మీ చేతిలోనే ఉంది.

నేను విశాఖపట్నం సింధియాలో షిప్‌యార్డ్ డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరి డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. వయసు 68. ఇల్లు మల్కాపురం. కొడుకు, కోడలు బెంగళూరులో ఉద్యోగాలు. కిందటేడు వేసవికి మనవణ్ణీ మనవరాలినీ మా దగ్గర దింపుతూ మావాడు ఒక పెట్టె చేతిలో పెట్టాడు. "నాన్నా, ఫోన్ ఇవ్వొద్దు. ఇది ఆడించు" అన్నాడు. అప్పటికి మనవడికి తొమ్మిదేళ్ళు, మనవరాలికి ఏడు. పెట్టె మీద చూస్తే 12 ఏళ్ళు దాటినవాళ్ళకి అని ఉంది.

పెట్టెలో రెండు ఇంగ్లిష్ పుస్తకాలు, పాత్రల వివరాలు అచ్చేసిన కాగితాలు, చిన్న సంచీలో పాచికలు ఉన్నాయి. పాచికలంటే మనకు తెలిసిన ఆరు ముఖాలవే కావు. నాలుగు ముఖాలది ఒకటి, పిరమిడ్‌లా ఉంటుంది, నేల మీద పడి ఉంటే కాలికి గుచ్చుకుంటుంది. ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాలవి కూడా ఉన్నాయి. పది ముఖాలదాన్ని పక్కనపెడితే మిగతా అయిదూ ముఖాలన్నీ భుజాలూ కోణాలూ సమానంగా ఉన్న ఒకే ఆకారమై, మూలలన్నీ ఒకేలా ఉండే, ఎక్కడా లోపలికి నొక్కుకోని ఘనాకారాలు. అలాంటివి జ్యామితి మొత్తంలో అయిదే ఉన్నాయి, ఆరోది సాధ్యం కాదు. అలవాటు పోదు కదా, ఆ సాయంత్రం ఆట సంగతి మరిచిపోయి వాటికి ప్లాన్, ఎలివేషన్ (పైనుంచి, ఎదుటి నుంచి కనబడే రూపాలు) గీస్తూ కూర్చున్నాను.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతా వాళ్ళు ఆ కథలో తలో పాత్ర అవుతారు. "ఎదురుగా ఏరు, వంతెన కొట్టుకుపోయింది" అని కథ నడిపేవాడు చెప్పి ఆగుతాడు. "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడుగుతాడు. ఒకడు ఈదుతానంటాడు, ఒకడు చెట్టు నరుకుదామంటాడు. అది జరుగుతుందా లేదా అన్నది అనుమానంగా ఉంటే 20 ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే అవుతుంది, చిన్నది పడితే ఇంకేదో అవుతుంది. కథ అలా ముందుకు పోతుంది. పందెం లేదు, పైసా లేదు. ఒకడు గెలిచి ఇంకొకడు ఓడడం కూడా ఉండదు. అందరూ ఒక జట్టే.

ఇలాంటి ఆటల్లో మొదట అచ్చయింది ఈ డంజన్స్ అండ్ డ్రాగన్సే. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి 1974లో తెచ్చారు. మొదట వేసింది వెయ్యి కాపీలే. తమాషా ఏమిటంటే జూదాన్ని ఆపే మన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా 1974 నాటిదే. 2020లో ఆన్‌లైన్ రమ్మీని ఆపడానికి మన ప్రభుత్వం సవరించింది ఆ చట్టాన్నే. ఆ చట్టం గొడవంతా పందెంతో. ఇంట్లో పచ్చీసు ఆడుకునే వాళ్ళ దగ్గరికి ఏ పోలీసూ రాడు. ఇంకా వెనక్కి వెళ్తే, 1824లో ఇప్పటి జర్మనీ ప్రాంతంలోని ప్రష్యా రాజ్యపు సైన్యం తన ఆఫీసర్లకు యుద్ధవ్యూహం నేర్పడానికి మ్యాపు, పాచికలు, మధ్యలో ఒక తీర్పరి ఉండే ఆటను వాడింది. ఈ ఆటల వంశం అక్కడి దాకా పోతుంది. తూర్పు నౌకాదళం కొలువున్న ఊరివాళ్ళం, పాచికలున్నంత మాత్రాన ఆటని పేకాట క్లబ్బు లెక్కలో వేస్తే ఎలా?

మీరు పత్రికవాళ్ళు కనుక ఇంకొక్క మాట. 1979లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఒక కుర్రాడు కనిపించకుండా పోతే, ఈ ఆట పిచ్చిలో యూనివర్సిటీ అడుగున ఉన్న సొరంగాల్లోకి దిగాడని అక్కడి పత్రికలు రాసేశాయి. తరువాత కారణం అది కాదని తేలింది. కానీ భయం పోలేదు. 1980ల్లో పదేళ్ళ పాటు అక్కడి తల్లిదండ్రులు ఇది దెయ్యాల పూజ అని వణికిపోయారు. వాళ్ళకి దెయ్యం కనబడింది, మనకి శకుని కనబడ్డాడు.

ఇక మా ఇంటి సంగతి. మొదటిరోజు అట్టర్ ఫ్లాప్. నేను పద్ధతి ప్రకారం పుస్తకం మొదటి పేజీ నుంచి చదివి, తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. పాత్ర బలం ఎంత, చురుకు ఎంత, ఆ అంకెలోంచి పది తీసేసి సగం చేస్తే వచ్చేది ఎక్కడ రాసుకోవాలి, ఇలా గంటన్నర. మనవరాలు నా ఒళ్ళోనే నిద్రపోయింది. మనవడు బాత్రూంకని వెళ్ళి వాళ్ళ నానమ్మ ఫోన్‌తో దొరికాడు. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, "ఏటండీ, పిల్లలకి కథ చెప్తన్నారా, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చదువుతన్నారా?" అంది. మా అబ్బాయిని కథలు చెప్పి పెంచింది ఆవిడే. నేను రెండో షిఫ్టులో ఉండేవాణ్ణి.

మూడో రోజు రాత్రి కరెంటు పోయింది. మేడ మీద చాప వేసుకుని కూర్చున్నాం. కింది వాటాలో అద్దెకుండే వాళ్ళబ్బాయి కూడా వచ్చాడు, పదకొండేళ్ళవాడు. పుస్తకం చేతిలో లేదు, ఉన్నా చదవడానికి వెలుతురు లేదు. చీకట్లో డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లగా కనిపిస్తోంది. నోటికొచ్చింది అనేశాను. "ఆ కొండ కొసన లైట్‌హౌస్ ఉంది కదా. ఈ రాత్రి అందులో దీపాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. సముద్రం మీద ఓడలకి దారి తెలియడం లేదు. మీరు ముగ్గురూ కొండ కింద నిలబడి ఉన్నారు. చీకటి. ఏం చేస్తారు?"

ఎవరూ మాట్లాడలేదు. నాకు టెన్షన్. ఖాళీని పూరించేద్దామని నోరు తెరిచాను కూడా. అంతలో మనవరాలు అంది, "నేను చెప్పులు విప్పేస్తాను."

"ఎందుకే?"

"చప్పుడవకుండా."

ఆ పిల్ల అప్పటిదాకా వీధిలో ఏ ఆటలోనైనా అరటిపండే. దాగుడుమూతల్లో దొరికినా దొంగ కాదు, పరుగుపందెంలో ఓడినా లెక్కలోకి రాదు. ఉందంటే ఉంది. ఇక్కడ ఆమె చెప్పిన మాటకి కథ వంగింది. ముగ్గురూ చెప్పులు చేతిలో పట్టుకుని కొండెక్కారు, దొంగలు వినలేదు. రాళ్ళు గుచ్చుకుంటాయా అని పాచిక వేయించాను, ఫోన్ టార్చి వెలుగులో. గుచ్చుకున్నాయి. మనవడు నిజంగానే కుంటుతూ కిందికి దిగి నానమ్మని పసుపు అడిగాడు.

మర్నాటి నుంచి నియమాలు మూడే పెట్టాను. ఏం చేస్తావో చెప్పు. అనుమానంగా ఉంటే 20 ముఖాలది వెయ్యి. తేలికపాటి పనికి పది పడితే చాలు, కష్టమైనదానికి పదిహేను పడాలి. బలం, చురుకు, సగం చేయడాలు అన్నీ పెట్టెలోకి వెళ్ళిపోయాయి. నేను మాత్రం నా సరదా తీర్చుకున్నాను. పాత టీ-స్క్వేర్ దించి, గ్రాఫ్ కాగితం మీద, దొంగలు దీపం దాచిన గుహకి 1:100 స్కేల్లో డ్రాయింగ్ వేశాను. కింద కుడి మూల టైటిల్ బ్లాకు, డ్రాయింగ్ నంబరు, తేదీ. పిల్లలు గుహలో ఒక గోడ కూల్చేశారు. డ్రాయింగ్ దిద్దాలి, అంటే రివిజన్-1. వరద నీరు లోపలికి మళ్ళించారు. రివిజన్-2. ఉద్యోగంలో రివిజన్ వస్తే విసుక్కునేవాణ్ణి.

పాత్రలకి బొమ్మలు కావాలని పిల్లలు గొడవ చేస్తే మా ఆవిడ బొమ్మల కొలువు పెట్టె దించింది. అందులో ఏటికొప్పాక లక్క బొమ్మలున్నాయి, అంకుడు కర్రతో చేసినవి. మనవరాలు పెళ్ళికూతురి బొమ్మని తీసుకుని దానికి చెప్పుల్లేని రాణి అని పేరు పెట్టింది. మనవడు రాజు. కింది వాటా కుర్రాడు పేరేమిటంటే చాలాసేపు ఆలోచించి "కెప్టెన్ వంజరం" అన్నాడు.

ఆ కుర్రాడి నాన్న ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద పనిచేస్తాడు. వేసవిలో ఇంట్లోనే ఉంటాడు కనుక సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని బీడీ కాలుస్తూ మా ఆట వినేవాడు. ఒకరోజు నేను కథలో "దూరంగా వేట బోటు ఒకటి దీపం పెట్టుకుని పోతోంది" అన్నాను. మెట్ల మీంచి ఆయన అడ్డొచ్చాడు. "తాతగారూ, మీ కథ ఏ నెల?"

"ఇప్పుడే. మే నెల."

"ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. మే నెల్లో వేట బోటు ఎలా ఎల్తాది?"

నేను తప్పు ఒప్పుకుని బోటు తీసేయబోయాను. పిల్లలు ఒప్పుకోలేదు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎప్పుడూ ఒక్క ముక్కకి మించి మాట్లాడని కెప్టెన్ వంజరం లేచి నిలబడి, "అయితే అది వేట బోటు కాదు. దొంగల బోటు. దీపం అందులోనే ఉంది" అన్నాడు. దీపాన్ని నేను గుహలో దాచాను. డ్రాయింగ్‌లో గుర్తు కూడా పెట్టాను. కానీ వాడి మాట నా డ్రాయింగ్ కన్నా బాగుంది. దీపం బోటులోకి వెళ్ళింది. రివిజన్-3.

ఆ కుర్రాడు అప్పటి నుంచి గలగలా మాట్లాడేస్తున్నాడని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. వాడు ఇప్పటికీ మాటకారి కాదు. పడవ సంగతి వచ్చినప్పుడు మాత్రం వాణ్ణి ఆపలేం.

ఇప్పుడు శకుని దగ్గరికి వస్తాను, నేను ఈ ఉత్తరం రాసిందే అందుకు. ఈ ఆటలో కథ నడిపేవాడు తన ముందు ఒక అట్ట నిలబెట్టుకుని, తన పాచికలు దాని చాటున వేసుకోవడం ఒక సంప్రదాయం. ముందు జరగబోయేది పిల్లలకి కనబడకుండా. నేను పాత క్యాలెండరు అట్ట పెట్టుకున్నాను. గుహలో ఒక ముసలి మొసలి ఉంది. చెప్పుల్లేని రాణి నీళ్ళలో దిగింది. మొసలి తరఫున పాచిక నేను వేయాలి. అట్ట వెనక వేశాను. 19. అంటే దొరికిపోయినట్టే. తలెత్తి చూస్తే మనవరాలి కింది పెదవి వణుకుతోంది. ఏం చేస్తాం, తాతని. "నాలుగే పడిందమ్మా, తప్పించుకున్నావు" అన్నాను.

మనవడు మోకాళ్ళ మీద లేచి అట్ట మీంచి తొంగిచూశాడు. "తాతయ్యా, అక్కడ 19 ఉంది."

నేను సర్దబోయాను. వాడు వినలేదు. "నువ్వు శకునివి" అన్నాడు. సరే, అన్నాడు, పిల్లాడు. నేను బిత్తరపోయింది మనవరాలి వల్ల. ఏడుస్తుందేమో అనుకుంటే కోపంతో ఎర్రబడిపోయింది. "నాకెందుకు తక్కువ చెప్పావు? నేను చిన్నదాన్ననా?" అంది.

ఆమె మళ్ళీ అరటిపండు అయిపోయింది, నా చేతుల మీదుగా.

అట్ట చింపేశాం. అప్పటి నుంచి మా ఇంట్లో పాచిక ఎవరు వేసినా స్టీలు పళ్ళెంలో, అందరి ముందూ. టంగుమని చప్పుడవుతుంది, ఎంత పడిందో అందరూ ఒకేసారి చూస్తారు. ఉత్తరం రాసిన పెద్దమనిషికి నా మనవి ఇదే. పిల్లల ఆటల్లో పెద్దవాళ్ళం ఎప్పుడూ కొంచెం శకునులమే. ముద్దొచ్చినవాణ్ణి గెలిపిస్తాం, ఏడ్చేవాణ్ణి ఓడనివ్వం, అల్లరివాడికి బుద్ధి చెప్పాలని చూస్తాం. ఈ ఆటలో ఆ అధికారం మన చేతిలోంచి పళ్ళెంలోకి పోతుంది. మొసలికి 19 పడితే 19. అది నాకూ చెల్లుతుంది, ఏడేళ్ళ పిల్లకీ చెల్లుతుంది. శకుని చేతిలో పాచిక ఆయన చెప్పినట్టు వింటుంది, అదీ మోసం. మా పళ్ళెంలో పాచిక ఎవరి మాటా వినదు.

మరి ఆ 19 ఏమైందంటారా? పడింది పడింది. అయితే దొరకడమంటే చావడం కానక్కర్లేదు కదా. మొసలి నోట చిక్కింది రాణిగారి భుజానున్న సంచీ అన్నాను. సంచీలో ఏముందని మొసలి తరఫున అడిగాను. "మాడుగుల హల్వా" అంది మనవరాలు క్షణం ఆలోచించకుండా. ముందురోజే మా ఆవిడ చెల్లెలు తెచ్చింది లెండి. పళ్ళకి అంటుకుపోయిన హల్వాతో మొసలి నోరు తెరవలేక నిలబడింది. పిల్లలు దాని పళ్ళు శుభ్రం చేశారు. అది వాళ్ళ బండి అయిపోయింది.

లెక్కల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తల్లిదండ్రులు కదలరు. పదిహేను, ఆపైన పడాలంటే 20 ముఖాల్లో ఆరు మనవి, అంటే నూటికి ముప్ఫై. ఇది మనవడే వేళ్ళ మీద చెప్పాడు. తోటివాడు సాయం చేస్తే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చని ఆటలో ఒక వెసులుబాటు ఉంది. "అయితే నూటికి అరవై" అన్నాడు వాడు. కాదు. గ్రాఫ్ కాగితం మీద 20 అడ్డం, 20 నిలువు, మొత్తం 400 గడులు గీసిచ్చి, రెండింట్లో ఒక్కటైనా పదిహేను గానీ ఆపైన గానీ ఉండే గడులకి రంగు వేయమన్నాను. మధ్యాహ్నం నిద్ర మానేసి ఇద్దరూ వేశారు. 204 గడులకి రంగు పడింది. అంటే నూటికి 51. రంగు వేయని 196 గడులూ ఒక పెద్ద చదరంలా మిగిలాయి. "పద్నాలుగు పద్నాలుగులు!" అని అరిచింది మనవరాలు, ఎక్కం ఇంకా అంతదాకా రాలేదు, వరసలు లెక్కపెట్టింది. స్కూల్లో మార్కులు పెరిగాయా అని కోడలు ఫోన్‌లో అడిగింది. పెరగలేదు.

మనవడితో ఒక చిక్కు వచ్చింది. మొదటి వారం వాడికి ఎవరెదురొచ్చినా ఒకటే పని, కత్తితో పొడిచేయడం. వద్దని నేను అనలేదు. పొడిచాక ఏమవుతుందో చూపించాను. కాపలావాడు కత్తి చూసి పారిపోయాడు, తాళంచెవి వాడి మొలతాడుకే ఉంది. నాలుగోసారి మనవడే కాపలావాణ్ణి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు.

భయం సంగతి ఇంకొకటి. గుహలు, చీకటి, పాములు ఏడేళ్ళ పిల్లకి ఒక్కోసారి ఎక్కువైపోతాయి. ఇక్కడ మన పిల్లల దగ్గరే మంచి మందుంది. తూచ్. ఆటలో ఎవరైనా ఎప్పుడైనా తూచ్ అంటే ఆ ముక్క జరగనట్టే. ఎందుకని అడగకూడదు. మనవరాలు రెండు వేసవుల్లో మూడుసార్లు వాడింది, రెండుసార్లు పాములకి, ఒకసారి నేను చెప్పిన ముసలావిడ చనిపోయినప్పుడు. ఆ ముసలావిడ ఇప్పటికీ కథలో బతికే ఉంది, హల్వా ఆవిడే సప్లై చేస్తోంది.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి చెప్పేది తక్కువే. ఆరేడేళ్ళ పిల్లలైతే ముప్పావు గంట చాలు, ముగ్గురు నలుగురికి మించొద్దు. ఈ వేసవిలో మనవణ్ణి ఊళ్ళో ఒక శిబిరానికి పంపాను. ఇదే ఆట, ముప్ఫైమంది పిల్లలు, ఒక మైకు. రెండు గంటల్లో మావాడికి పాచిక ఒక్కసారి అందింది. ఇంటికొచ్చి, "అక్కడ ఏం చేస్తావని నన్నెవరూ అడగలేదు తాతయ్యా" అన్నాడు. డబ్బు కట్టింది నేను కనుక ఆ బాధ నాకే ఎక్కువ.

పెట్టె కొనక్కర్లేదు. ఒకటి నుంచి 20 దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేస్తే అదే పాచిక, తీసిన చీటీ మళ్ళీ వేసేయాలి, అంతే. గవ్వలతో కూడా చూశాం. అష్టాచెమ్మాలోలాగే నాలుగు గవ్వలు వేసి, వెల్లకిలా పడినవి లెక్కపెట్టడం. గవ్వ బోర్లా వెల్లకిలా సగం సగం పడదు, ఒక్కో గవ్వకి ఒక్కో బుద్ధి. అందుకని గవ్వలతో ఆడితే ఎవరి గవ్వలు వాళ్ళవి కాకుండా అందరూ ఒకే నాలుగు వేయాలి. ఇది కూడా మా మనవడు పెట్టిన రూలే, శకుని వ్యవహారం తరవాత వాడికి అన్నిటి మీదా అనుమానం.

అన్నిటికన్నా ముఖ్యం, తెలుగులో ఆడించండి. మావాళ్ళు బెంగళూరు స్కూల్లో రోజంతా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు. మొదటి రెండు రోజులూ "ఐ అటాక్" అన్నారు. మొసలిని బతిమాలాల్సి వచ్చేసరికి ఇంగ్లిష్ సరిపోలేదు. "బాబ్బాబు, వదిలెయ్యవా" అని మనవడు నానమ్మ గొంతుతో అన్నాడు.

ఈ ఆట మూల నియమాలు దాదాపు 400 పేజీలవి 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదలయ్యాయి. అంటే ఎక్కడి నుంచి తీసుకున్నారో చెబితే చాలు, ఎవరైనా తెలుగులోకి మార్చి అచ్చేసుకోవచ్చు, ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. నాలుగు వందల పేజీలూ అక్కర్లేదు, పిల్లలకి పది పేజీల పుస్తకం సరిపోతుంది. మన ఊళ్ళో గ్రంథాలయాలున్నాయి, ఆదివారం ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక పళ్ళెం ఇచ్చినా చాలు. కథ నడపడానికి నాలాంటి రిటైరైన వాళ్ళు సింధియా నుంచి సీతమ్మధార దాకా వీధికి పదిమంది ఖాళీగా ఉన్నాం. ఉపన్యాసాలు మానేసి ప్రశ్న అడిగి ఆగడం మాత్రం నేర్చుకోవాలి. నాకు అది నేర్చుకోవడానికి ఒక వేసవి పట్టింది.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. ఆదివారం పిల్లల పేజీలో కథలు వేస్తున్నారు, చివర్లో నీతి కూడా వేస్తున్నారు. నెలకొకటి సగంలో ఆపేసిన కథ వేయండి. "ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు?" అని అడగండి. పిల్లలు రాసి పంపుతారు. వచ్చినవాటిలో పదింటిని చీటీ తీసి వేయండి, బాగున్నవి ఏరి వేయకండి. అందరికీ కనబడేలా తీయండి.

మెట్ల మీద పిల్లలని చూసిన ఆ పెద్దమనిషి వీలైతే ఒక్కసారి వాళ్ళ మధ్య కూర్చుని, కథ ఎక్కడిదాకా వచ్చిందని అడిగి చూడాలి. చెప్పడం మొదలుపెడితే ఆయనకి భోజనం వేళ దాటిపోతుంది, అది మాత్రం ముందే చెబుతున్నాను.

మా పిల్లలు జూన్‌లో బెంగళూరు వెళ్ళిపోయారు, దసరా సెలవులకి వస్తారు. వేట నిషేధం అయిపోయి కింది వాటాయన సముద్రం మీదికి వెళ్ళాడు. నేను రివిజన్-4 మొదలుపెట్టి ఆపేశాను. చివరిరోజు ఆట ఆగేసరికి ముగ్గురూ నా గుహలో లేరు. మొసలి వీపెక్కి, దొంగల బోటు వెంట యారాడ వైపు పోతున్నారు. ఆ వైపు నా దగ్గర డ్రాయింగే లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్,
మల్కాపురం, విశాఖపట్నం